గాలి నిరోధాన్ని ఉపేక్షిస్తే తూటా ఎక్కడ పడుతుంది?

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో ఇంటర్ ఫస్టియర్ పిల్లల కోసం వేసిన ‘సమతలంలో చలనం’ పాఠం నెట్‌లో చదివాను. పాఠం బాగుంది, లెక్కల్లో తప్పుల్లేవు. కానీ ఉదాహరణకి రైఫిల్ తూటాని తీసుకున్నారు. ఫలానా వేగంతో వెలువడింది, ఇంత దూరంలో ఎంత కిందకి దిగుతుంది, గాలి నిరోధాన్ని ఉపేక్షించండి అని. పక్కనే బాక్సు కట్టి మరీ, పేల్చిన తూటా, అదే ఎత్తు నుంచి చేతిలోంచి జారవిడిచిన తూటా ఒకేసారి నేలను తాకుతాయని రాశారు. బల్ల మీంచి దొర్లిపోయిన గోళీతో ఇదే మాట చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. గాలిని పక్కన పెట్టడానికి దొరక్క దొరక్క తూటానే దొరికిందా అన్నదే నా పేచీ.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మాది తెనాలి, ఉద్యోగం ఇంగ్లండులోని సర్రేలో. ఇంటికి దగ్గర్లోనే బిస్లీ అనే ఊరు ఉంది. ఇక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పోటీలు మొదట్లో వింబుల్డన్‌లో జరిగేవి (1860లో మొదటి గుండు పేల్చింది విక్టోరియా రాణి, అదీ స్టాండుకి బిగించిన రైఫిల్‌కి కట్టిన పట్టుతాడు లాగి!), 1890లో బిస్లీకి మారాయి. అక్కడి స్టికిల్‌డౌన్ రేంజిలో 1000 గజాల నుంచి, అంటే 914 మీటర్ల నుంచి, కాగితం టార్గెట్ మీద కాలుస్తారు. నేనూ ఒక క్లబ్బులో చేరి సెలవు రోజుల్లో వెళ్తుంటాను. తుపాకుల మీద మోజు పెంచడానికి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు, ఇక్కడ లైసెన్సుకీ క్లబ్బు సభ్యత్వానికీ పోలీసులు పెట్టే పరీక్షలు చూస్తే ఉన్న మోజు కూడా పోతుంది. నన్ను అక్కడ కట్టిపడేసింది లెక్క. గురి చూడటం వారంలో వస్తుంది, తూటా ఎంత దిగుతుందో ముందే చెప్పగలగడం అంత తొందరగా రాదు.

మా క్లబ్బులో ఎక్కువగా వాడే .308 రైఫిల్‌నే తీసుకోండి. 175 గ్రెయిన్ల తూటా, అంటే 11 గ్రాముల చిల్లర. గొట్టం దాటేటప్పటికి దాని వేగం సెకనుకి 790 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మీ పాఠంలో చెప్పినట్టే గాలి లేదనుకుందాం. 914 మీటర్లు పోవడానికి 1.15 సెకన్లు. ½gt² వేస్తే ఆరున్నర మీటర్లు. పరీక్షలో ఫుల్ మార్కులు.

బిస్లీలో మాత్రం ఆ తూటా టార్గెట్ చేరడానికి 1.7 సెకన్లు తీసుకుంటుంది, గొట్టం చూపించే సరళరేఖ నుంచి చూస్తే దాదాపు 11 మీటర్లు కిందకి దిగుతుంది. మీ లెక్క నమ్ముకుని పేల్చిన తూటా టార్గెట్‌కి నాలుగు మీటర్ల పైచిలుకు కిందే మట్టిలో దిగబడుతుంది. మేడ మీద కిటికీకి గురి పెడితే కింద వీధి గుమ్మానికి తగిలినట్టు.

సరే, అసలు సమయం 1.7 సెకన్లు కదా, దాన్నే ½gt²లో వేస్తే సరిపోదా అని తెలివైన పిల్లాడు ఎవడైనా అడుగుతాడు. వేసి చూడండి, 14 మీటర్లు దాటుతుంది. అదీ తప్పే! గాలిని పూర్తిగా వదిలేస్తే ఆరున్నర, సమయం వరకు మాత్రమే గాలిని లెక్కలోకి తీసుకుంటే పద్నాలుగు, నిజం ఆ రెంటికీ మధ్యలో పదకొండు. ఈ మూడు అంకెల మధ్య ఉన్నదే దూరపు షూటింగులోని ఫిజిక్సంతా. మీ పాఠం రాసిన మాస్టారు దీన్ని పిల్లల ముందు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో!

పద్నాలుగు ఎందుకు రాదంటే, గాలి తూటాని వెనక్కి మాత్రమే లాగదు, కింద పడటాన్ని కూడా ఆపుతుంది. గాలి నిరోధం తూటా వెళ్తున్న దిశకి సరిగ్గా ఎదురుగా పనిచేస్తుంది. తూటా కొంచెం కిందకి వంగిందంటే ఆ నిరోధంలో ఒక చిన్న వాటా పైకి నెడుతుంటుంది. చిన్న వాటా అన్నానే గానీ మొత్తం నిరోధం చాలా పెద్దది కాబట్టి ఆ వాటా కూడా తీసిపారేసేది కాదు. తూటా సెకనుకి 600 మీటర్ల వేగంతో ముందుకి పోతూ 5 మీటర్ల వేగంతో కిందకి దిగుతున్న క్షణంలో, పైకి నెట్టే ఆ వాటా గురుత్వంలో దాదాపు పావు వంతు. చేతిలోంచి జారవిడిచిన తూటాకి ఇదేమీ ఉండదు, అది నెమ్మదిగా పడుతోంది, దాన్ని గాలి పట్టించుకోదు. అందుకని మనిషి భుజం ఎత్తు నుంచి రెండూ ఒకేసారి బయల్దేరితే పేల్చిన తూటా సెకనులో కొన్ని వందో వంతులు ఆలస్యంగా నేలకి చేరుతుంది. మీ బాక్సులోని మాట శూన్యంలో నిజం. ఆ ఒక్క మాట చేర్చి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తూటా గొట్టం దాటిన క్షణాన దాని మీద గాలి నిరోధం ఎంతనుకుంటున్నారు? దాని బరువుకి 40 రెట్లకు పైనే. 11 గ్రాముల వస్తువుని దాదాపు అరకిలో బరువుతో వెనక్కి నెట్టినట్టు. మనం లెక్కలో ఉంచుకున్నది గురుత్వాన్ని, ఉపేక్షించింది దానికి 40 రెట్లు పెద్దదాన్ని! క్రికెట్ బంతి విషయంలో కూడా ఇది అంత చిన్నదేం కాదు, 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి మీద గాలి నిరోధం ఇంచుమించు బంతి బరువంత ఉంటుంది. పిల్లలు ‘ఉపేక్షించండి’ అన్న మాట చదివి, అది ఉపేక్షించదగినంత చిన్నదని అనుకుంటున్నారు. లెక్క కష్టమవుతుందని వదిలేశాం అని ఎవరూ చెప్పరు. ఎంట్రన్సు పరీక్షలో నిమిషం పైచిలుకులో జవాబు రావాలి, అందుకని వదిలేశాం. అంతే కదా?

దగ్గరి దూరాల్లో ఈ తేడా పెద్దగా కనపడదు, అందుకే ఈ భ్రమ నిలబడుతోంది. ఇదే తూటాకి 300 గజాల దగ్గర గాలి లేని లెక్కకీ అసలుకీ తేడా పదిహేను శాతానికి అటూ ఇటూ. 600 దగ్గర ముప్పై శాతం పైమాటే. 1000 దగ్గర 70 శాతం. మన తెలుగు పాఠకులకి షూటింగ్ అంటే గుర్తొచ్చేది 2012 లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ తెచ్చిన కాంస్యం, లేకపోతే 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే తెచ్చిన కాంస్యం. నారంగ్‌ది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఆ దూరంలో పెల్లెట్ దిగేది రెండు సెంటీమీటర్ల లోపే. కుసాలేది 50 మీటర్లు, .22 తూటా అక్కడికి చేరేసరికి పన్నెండు సెంటీమీటర్ల దాకా దిగుతుంది. పైగా ఆ పోటీల్లో దూరం ఎన్నడూ మారదు, ఒకసారి సైటు సరిచేసి పెట్టుకుంటే డ్రాప్ (తూటా కిందకి దిగడం) సంగతి మళ్లీ తలుచుకోనక్కర్లేదు. వాళ్ల కష్టమంతా ఒంటి నిలకడలో, ఊపిరిలో, ట్రిగ్గర్ మీద వేలిలో ఉంటుంది. టీవీలో ఆ పోటీలే చూస్తాం కాబట్టి తూటా తిన్నగా పోతుందనే అందరూ అనుకుంటారు. సినిమాల సంగతి ఇక చెప్పక్కర్లేదు, అక్కడ కిలోమీటరు దూరంలో ఉన్నవాడికి కూడా గీత గీసినట్టు పోయి తగులుతుంది.

ఇంకో భ్రమ కూడా ఉంది, ఇది షూటర్లలోనే ఎక్కువ. గొట్టం దాటాక తూటా కాస్త పైకి లేచి తర్వాత దిగుతుందని. లేవదు. గొట్టం దాటిన క్షణం నుంచే గొట్టపు రేఖకి కిందకి జారడం మొదలవుతుంది. స్కోప్ (గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే దుర్భిణి) గొట్టానికి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఉంటుంది, మనం గొట్టాన్ని చూపు రేఖకి కొంచెం పైకి వంచి బిగిస్తాం, అందుకని తూటా చూపు రేఖని కింద నుంచి దాటి పైకి పోయి మళ్లీ దిగుతున్నట్టు అనిపిస్తుంది.

మరి రేంజిలో ఈ దిగడాన్ని ఎలా అంచనా వేస్తారు? ముందు 100 గజాల దగ్గర చూపు, తూటా ఒకే చోట కలిసేలా స్కోప్ సరిచేస్తాం, దీన్నే జీరో చెయ్యడం అంటాం. అక్కణ్నుంచి ఏ దూరానికి ఎంత అనేది కోణంలో చెప్పుకుంటాం. డిగ్రీలో అరవయ్యో వంతుని మినిట్ అంటారు, 1000 గజాల దగ్గర ఒక మినిట్ అంటే పదిన్నర అంగుళాలు. స్కోప్ పైనున్న డయల్ తిప్పితే ఒక్కో క్లిక్కుకి పావు మినిట్ మారుతుంది. నేను చెప్పిన తూటాకి 100 గజాల జీరో నుంచి 1000 గజాలకి 37, 38 మినిట్లు కావాలి. అంటే నూట యాభై క్లిక్కులు, వేలి కింద టిక్ టిక్ మంటూ తిరుగుతూనే ఉంటుంది, కొత్తవాళ్లు మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటికి వస్తారు. చూపు రేఖ నుంచి కొలిస్తే ఇది పది మీటర్లు. ఇదే 300 గజాల దగ్గర నలభై సెంటీమీటర్ల లోపు, 600 దగ్గర రెండున్నర మీటర్లు, 900 దగ్గర ఏడు మీటర్ల పైచిలుకు. 900 నుంచి 1000కి ఒక్క వంద గజాల్లోనే ఇంకో రెండున్నర మీటర్లు, గమనించారా? మొదటి 600 గజాల్లో ఎంత దిగిందో ఆఖరి 100 గజాల్లో అంత దిగుతుంది. అందుకే 600, 900 అంకెలు చేతిలో ఉన్నాయి కదా, గీత పొడిగించి 1000కి ఎంతో చెప్పేద్దాం అంటే కుదరదు.

ఆ ఆఖరి భాగంలో తూటా వేగం సెకనుకి 370 మీటర్లకి పడిపోతుంది, ధ్వని వేగానికి కాస్త పైన. టార్గెట్లు దింపీ ఎత్తీ గుర్తులు పెట్టే పని మేమే వంతులవారీగా చేస్తాం. టార్గెట్ల కింద గోడ చాటున, కందకం లాంటి చోట కూర్చుంటాం. తూటా నెత్తి మీదుగా పోతూ కొరడా ఝళిపించినట్టు ఒక్క చప్పుడు చేస్తుంది, టార్గెట్ కాగితంలో బొక్క పడుతుంది, ఆ తర్వాత ఒక సెకను ఆగి అప్పుడు వినపడుతుంది అవతల రైఫిల్ పేలిన మోత, దూరంగా, మెత్తగా. తూటాకి 1.7 సెకన్లు, శబ్దానికి 2.7 సెకన్లు. ఫ్రేము కిందకి లాగి, బొక్కలో గుర్తుబిళ్ల గుచ్చి, పాత బొక్కకి కాగితం ముక్క అతికించి మళ్లీ పైకి ఎత్తుతాం. ఒకే మనిషి ఒకే పెట్టెలోని తూటాలు పేల్చినా బిళ్ల ఒకసారి పైన, ఒకసారి కింద ఎందుకు పెట్టాల్సి వస్తోందో అక్కడ కూర్చుంటే బాగా అర్థమవుతుంది.

అందులో ఒక కారణం తూటా వేగంలో తేడా. ఒక తూటాకీ ఇంకోదానికీ సెకనుకి పది మీటర్ల తేడా ఉందంటే 1000 గజాల దగ్గర పాతిక సెంటీమీటర్లు పైకో కిందకో పోతుంది. అమెరికాలో ఎఫ్-క్లాస్ (రైఫిల్‌కి ఊతం పెట్టుకుని కాల్చే) పోటీలో ఆ దూరానికి పది పాయింట్ల వృత్తం వ్యాసమే 10 అంగుళాలు, అంటే ఈ ఒక్క తేడాతో మధ్యలో పడాల్సింది వృత్తం బయట పడుతుంది. అందుకే ఈ ఆట ఆడేవాళ్లు తుపాకి మందుని గ్రెయినులో పదో వంతు వరకు, ఇంకా పట్టుదల ఉన్నవాళ్లు అంతకన్నా సన్నగా, తూచి నింపుకుంటారు. ఎండలో పెట్టిన తూటాలు, వేడెక్కిన గొట్టంలో కాసేపు ఉంచిన తూటా కాస్త ఎక్కువ వేగంతో పోతాయి.

రెండోది గాలి సాంద్రత. ఇది మనవాళ్లకి బాగా పట్టే విషయం. వేడి గాలి పలచన, ఎత్తు ప్రదేశంలో గాలి పలచన. సముద్ర మట్టానికి 500 మీటర్ల పైనున్న హైదరాబాదులో 40 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత, 15 డిగ్రీల బిస్లీలో కన్నా 13, 14 శాతం తక్కువ ఉంటుంది. బిస్లీ డయల్ అంకె అలాగే ఉంచి హైదరాబాద్ ఎండలో 1000 గజాలకి కాలిస్తే తూటా ముప్పావు మీటరు దాకా పైన పడుతుంది. తేమ సంగతి అయితే మనం అనుకునేదానికి ఉల్టా. మే నెల విజయవాడ ఉక్కపోతలో గాలి బరువెక్కిపోయిందంటాం. నిజానికి నీటి ఆవిరి పొడి గాలి కన్నా తేలిక, తేమ గాలి కాస్త పలచనే. డ్రాప్ మీద దాని ప్రభావం చాలా కొద్ది, పట్టించుకోకపోయినా నష్టం లేదు. ఇక్కడ ‘ఉపేక్షించండి’ అంటే నేనూ ఒప్పుకుంటాను.

ఇవన్నీ లెక్కేసి పెట్టే యాప్‌లు ఫోన్లో బోలెడు. తూటా వేగం, దాని ఆకారానికి ఇచ్చిన గుణకం, ఉష్ణోగ్రత, పీడనం కొడితే అంకె చెప్పేస్తాయి. మంచివే, నేనూ వాడతాను. కానీ వేగం దగ్గర డబ్బా మీద అచ్చేసిన అంకె కొట్టి, జవాబు మాత్రం దశాంశం వరకు నమ్మేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. డబ్బా మీది వేగం వాళ్ల పరీక్ష గొట్టానిది, మీ గొట్టం పొడుగు వేరు. ఆకారం గుణకంలో కూడా జీ1 అని పాత పద్ధతి, జీ7 అని పొడుగు తూటాలకి నప్పే పద్ధతి ఉన్నాయి, ఒకదాని అంకె తీసుకెళ్లి రెండోదాని గడిలో కొడితే ఇక ఆ దేవుడే దిక్కు. చివరికి నమ్మేది ఎవరి స్కోరు పుస్తకం వాళ్లదే. ఆ రోజు చలెంత, డయల్ ఎంత, ఎక్కడ పడింది అని పెన్సిల్‌తో రాసుకున్న పేజీలు. బిస్లీ పద్ధతిలో మొదట రెండు తూటాలు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవడానికి ఇస్తారు, డయల్ మీద ఒకటో రెండో క్లిక్కులు అప్పుడే సర్దుకోవాలి. పక్కగాలి సంగతి నేను ఎత్తనే లేదు, చూశారా? డ్రాప్ లెక్కకి లొంగుతుంది, పక్కగాలి లొంగదు. జెండాలు చూసి ఊహించడమే. దాని గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది.

గాలి నిరోధం ఇంత పెద్దదని మొదట కొలిచి చూపించింది బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిషాయన, 1742లో. బరువైన కొయ్య దిమ్మని వేలాడదీసి దానిలోకి గుండు పేల్చి, దిమ్మ ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్కగట్టాడు. దిమ్మని దూరం జరిపి మళ్లీ పేల్చి, దారిలో ఎంత వేగం పోయిందో పట్టుకున్నాడు. మన ఇంటర్ పిల్లలు ద్రవ్యవేగ నిత్యత్వం దగ్గర చేసే బాలిస్టిక్ పెండ్యులం లెక్క ఆయనదే. మూడేళ్లకి ఈ సంగతులు రాసిన ఆయన పుస్తకాన్ని ఆయిలర్ అంతటి గణిత శాస్త్రవేత్త జర్మన్‌లోకి అనువదించి సొంత వ్యాఖ్య జోడించాడు. ఆ రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచెయ్యడానికి మద్రాసు వైపు వచ్చాడు, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. మన కోస్తా కిందనే కన్నుమూసిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

పిల్లలకి ఇది కష్టమవుతుందంటారేమో. అవదు. కాలిక్యులేటర్ చాలు, ఎక్సెల్ ఉంటే ఇంకా సుఖం. సెకనుని వంద ముక్కలు చెయ్యాలి. ఒక్కో ముక్కలో ఆ క్షణపు వేగానికి నిరోధం ఎంత (½ρv²CA, ఇందులో ρ గాలి సాంద్రత, A తూటా అడ్డుకోత వైశాల్యం, C నిరోధ గుణకం, ఈ తూటాకి C మొదట్లో 0.3 దగ్గర, ధ్వని వేగం దగ్గరకి వచ్చేసరికి 0.4 దరిదాపులకి పెరుగుతుంది), వేగం ఎంత తగ్గింది, ఎంత ముందుకి పోయింది, ఎంత కిందకి దిగింది అని ఒక వరుస. దాని కింద ఇంకో వరుస. నూట డెబ్బై వరుసలు అయ్యేసరికి 914 మీటర్లు వస్తాయి, పక్క గడిలో పదకొండుకి కాస్త అటూ ఇటూ కనపడుతుంది. యాప్‌లు లోపల చేసేది కూడా ఇంచుమించు ఇదే. పైన ఉన్న ఆరున్నర, పద్నాలుగు కూడా పక్కనే వేసి చూపించండి, మూడింటిలో ఏది ఎందుకో పిల్లలే చెబుతారు.

మీ విద్యా పేజీలో ఒక్క వారం అర పేజీ ఇస్తే చాలు. తూటా గుణకాలు, దూరం వారీగా డ్రాప్ పట్టిక నేను పంపుతాను, డబ్బులేమీ వద్దు. గజాల్ని మీటర్లలోకి మార్చే పని మాత్రం మీ డెస్కు వాళ్లే చూసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వోకింగ్, సర్రే (స్వస్థలం తెనాలి)